కుర్చీ మీద ఒలికిన రంగు

ఆ రోజు పొద్దున్నే గ్యాసు అయిపోయింది. రెండో సిలిండరు మధ్యాహ్నానికి గానీ రాదన్నారు. పొయ్యి మీద పెట్టిన నీళ్ళు గోరువెచ్చన కూడా కాలేదు. ఇంకొకరైతే బట్టలు సాయంత్రానికి వాయిదా వేసేవాళ్ళేమో. నాకది చేతకాదు. మంగళవారం, శుక్రవారం ఆయన పని బట్టలు ఉతకాలి. ఉతకాలంతే.

మా ఆయన బట్టలకి రంగులు వేసే కార్ఖానాలో మాస్టరు. కొనేవాళ్ళు ఒక గుడ్డముక్క తెచ్చి అచ్చం ఇదే రంగు కావాలంటారు. ఏ పొడి ఎంత కలపాలో తేల్చి, చిన్న ముక్క మీద వేసి చూపించి, వాళ్ళు సరేనన్నాక వందల మీటర్లకి అదే రంగు తెప్పించడం ఆయన పని. ముప్పై ఒక్క ఏళ్ళుగా చేస్తున్నారు. పెళ్ళయిన కొత్తలో ఆయన గోళ్ళు నీలంగా ఉండటం చూసి, గుండెజబ్బేమో డాక్టరుకి చూపించుకోమన్నాను. ఆ మాట పట్టుకుని ఇప్పటికీ ఏడిపిస్తారు. నేను ఏది చెప్పినా, "అవును, గోళ్ళు చూసి రోగం చెప్పే డాక్టరమ్మవి కదా" అంటారు.

ఆయన పని బట్టలు మిషన్లో వేయను. ఒకసారి వేస్తే తెల్ల దుప్పట్లు రెండు ఊదారంగుకి తిరిగాయి. అందుకని పెరట్లో వాటికి వేరే బకెట్టు, వేరే బ్రష్షు. బాగా మరిగిన నీళ్ళలో సోడా వేసి గంట నానబెడితే పైపైన పడిన రంగు వదిలిపోతుంది. పాతికేళ్ళుగా అదే పద్ధతి.

ఆ మంగళవారం మాత్రం చన్నీళ్ళలో ముంచాను. ఖాకీ ప్యాంటు వెనకవైపు, కూర్చునే చోట, అరచేతి వెడల్పున ఎర్రటి మరక. అది కొత్తేం కాదు. ఏడు నెలలుగా ఆ చోటే ఎప్పుడూ ఏదో ఒక మరక. "కుర్చీ మీద రంగు ఒలికిందోయ్, చూసుకోకుండా కూర్చున్నాను" అనేవారు. వేడినీళ్ళలో వేస్తే పైన ఎరుపు కొంత పోయి కింద గోధుమరంగు చార మిగిలేది. ఎంత తోమినా పోయేది కాదు. మా ఆయన కలిపిన రంగు కదా, గట్టిదే మరి, అని విసుక్కుంటూ గర్వపడేదాన్ని కూడా.

చన్నీళ్ళలో అది వేరేలా జరిగింది. పైనున్న ఎరుపు చుక్కలు చుక్కలుగా గుడ్డనే పట్టుకుని ఉన్నాయి. వాటి అడుగునుంచి ఇంకో ఎరుపు మెల్లగా పొగలా లేచి నీళ్ళలోకి వచ్చేసింది. నా కళ్ళముందే రెండు ఎరుపులు విడిపోయాయి.

చన్నీళ్ళకి వదిలేది, వేడినీళ్ళకి అంటుకుపోయేది ఏమిటో ఏ ఆడదానికీ ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పన్నెండో ఏటో పదమూడో ఏటో తల్లి చెవిలో చెప్పే సంగతి అది. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తుప్పుపట్టిన మేకు వాసన.



రెండున్నరేళ్ళ కిందట ఆయనకి ప్రోస్టేట్ క్యాన్సరన్నారు. ఆపరేషను వద్దు, రేడియేషను చాలన్నారు. వారానికి ఐదు రోజుల చొప్పున ముప్పై ఏడుసార్లు ఇచ్చారు. మిషన్ కిందికి వెళ్ళే గంట ముందు అరలీటరు నీళ్ళు తాగి ఆపుకోవాలి. ఆ నీళ్ళసీసా, గడియారం రెండూ నా చేతిలోనే ఉండేవి. ఆయన ఎన్నింటికి తాగారు, ఎన్నింటికి లోపలికి వెళ్ళారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు, బరువెంత, అన్నీ ఒక చేతిపుస్తకంలో రాసేదాన్ని. అక్కడి నర్సులు నన్ను రిజిస్టరమ్మ అని పిలిచేవాళ్ళు. నాకు కోపం రాలేదు సరికదా, లోపల బాగానే అనిపించేది.

చివరిరోజు ఒక కాగితం ఇచ్చారు. వీటిలో ఏది కనిపించినా ఆగకుండా రండి అని. ఆరు సంగతులు. నాలుగోది విరేచనంలో గానీ విడిగా గానీ రక్తం పడటం. ఆ కాగితం మా బట్టల బీరువా తలుపు లోపలివైపు అంటించి ఉంది. రోజూ ఆయన చొక్కా తీసుకునే తలుపే అది.

తర్వాత ఆరునెలలకోసారి రక్తపరీక్ష. క్యాన్సరు మళ్ళీ వస్తే ఆ అంకె పెరుగుతుందని చెప్పారు. పెరగలేదు. ప్రతిసారీ దాదాపు సున్నా. ఆ సున్నా చూసుకుని మేం ఇద్దరం బతకడం మొదలుపెట్టాం. నేను పుస్తకం రాయడం మానేశాను. ఆయన కార్ఖానాకి వెళ్ళడం మొదలుపెట్టారు.

ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్చీ గురించి నేను ఎంత సాధించానో. "ఆ దిక్కుమాలిన కుర్చీ తుడిచి కూర్చోలేరా? ముప్పై ఏళ్ళ మాస్టరు, మూడేళ్ళ పిల్లాడిలా ఒళ్ళంతా పూసుకొస్తారా?" అనేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవారు. చివరికి నేనే రెగ్జిన్ గుడ్డ కొని, కొలతలు తెప్పించుకుని, ఆ కుర్చీకి తొడుగు కుట్టి పంపాను. నాలుగు మూలలా ఎలాస్టిక్ వేశాను, జారకుండా. తుడిస్తే పోయే గుడ్డ. అయినా మరకలు ఆగలేదు.

ఆ మధ్యాహ్నం గ్యాసు వచ్చేదాకా ఆగలేదు. హోటల్లో భోజనం కట్టించుకుని, క్యారియరు వంకతో కార్ఖానాకి వెళ్ళాను.

ఆయన లేరు. మేడమీద యజమానితో మాట్లాడుతున్నారట. రంగులు కలిపే గదిలో తూకమక్క ఒక్కతే ఉంది. పొడులు తూచే పని ఆమెది. అరవై దాటిన మనిషి, పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ తూకమక్కే. కళ్ళద్దాలు దారంతో మెడకి కట్టుకుంటుంది.

"రండి మాస్టరమ్మా! ఇన్నాళ్ళకి దారి తప్పారే? క్యారియరు పట్టుకొచ్చారంటే ఇంట్లో పోట్లాడి ఉండాలి."

"ఇంకా లేదక్కా. పోట్లాడదామనే వచ్చాను."

ఆమె పకపకా నవ్వింది. నేను గది చూశాను. కిటికీ కింద పొడవాటి రాతిబల్ల, దానిమీద గాజు గ్లాసులు, చిన్న తక్కెడ, ఎండుతున్న గుడ్డముక్కల తీగ. బల్ల చివర ఆయన చెక్కకుర్చీ. దానికి నేను కుట్టిన నల్లటి తొడుగు. దగ్గరికెళ్ళి వేలితో రాశాను. వేలికి దుమ్ము అంటింది. రంగు కాదు, దుమ్ము. నేను పంపిననాడు ఎలా ఉందో అలాగే ఉంది, మడత గీతలతో సహా.

"దీనిమీద కూర్చోరా ఆయన?"

"అయ్యో, మీరింత ముచ్చటగా కుట్టి పంపారని నేనూ అన్నాను. ఎక్కడ కూర్చుంటారు? ఐదారు నెలలైంది కూర్చోవడం మానేసి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే ఉంటారు. కూర్చుంటే నిద్రొస్తుందటమ్మా. తిండి కూడా నిలబడే. గుర్రాలు కూడా పాపం అప్పుడప్పుడూ పడుకుంటాయి మాస్టారూ, అంటాను నేను."

నా చేతిలో క్యారియరు బల్లమీద పెట్టేశాను.

"అవునూ," అంది తూకమక్క, తక్కెడ పళ్ళెం తుడుస్తూ, "మీ కర్టెన్లు ఎంతదాకా వచ్చాయి?"

"ఏ కర్టెన్లు?"

"అదేనమ్మా, మీ ఆర్డరు." ఆమె గోడకి తగిలించిన చీటీల కట్ట తీసింది. ప్రతి రంగుకీ ఒక చీటీ రాస్తారు. ఏ పొడి ఎన్ని గ్రాములు, ఎంత వేడి, పక్కన రంగు వేసిన గుడ్డముక్క, పైన ఆర్డరిచ్చినవాళ్ళ పేరు. ఆమె చూపించిన చీటీ మీద ఆయన చేతిరాత. ముత్యాల్లాంటి అక్షరాలు. గుడ్డముక్కలు ఒకటి కాదు, రెండు. ఒకటి తడి ఎరుపు. ఇంకొకటి ఆరిపోయి, అంచులు గోధుమరంగుకి తిరిగిన ఎరుపు. పేరుండాల్సిన చోట ఖాళీ.

"పేరు రాయలేదేం మాస్టారూ అంటే, మా ఇంటావిడకి, కర్టెన్లకి అన్నారు. పదిరోజులు కూర్చున్నారమ్మా దానిమీద. కూర్చోవడం అంటే నిలబడేలెండి. కుదరలేదు, కుదరలేదు అని మళ్ళీ కలపడం. మా మాస్టారికి రెండోసారికి కుదరని రంగు నేనింతవరకు చూళ్ళేదు. ఆవిడ కళ్ళు చాలా పదును, ఇసుమంత తేడా ఉన్నా పట్టేస్తుంది అన్నారు. ఏమనుకోకండి గానీ, అదేం రంగమ్మా? ఇల్లంతా ఆ కర్టెన్లు కడితే కటికవాడి కొట్టులా ఉండదూ?"

నేను చీటీ చేతిలోకి తీసుకున్నాను. ఆయన కిందికి దిగి, గుమ్మంలో నన్ను చూసి, నా చేతిలో చీటీ చూసి ఆగిపోయారు. మొహంలో రంగు పోవడం అని పుస్తకాల్లో చదివాను. చూడటం అదే మొదలు.

ఇంటికి నడిచే వచ్చాం. పావుగంట దారి. ఆటో పిలవబోతే వద్దన్నారు. ఎందుకు వద్దన్నారో అప్పుడు అర్థమైంది. కూర్చోవాలి కదా.

ఇంట్లోకి రాగానే అడిగాను. "ఎప్పటినుంచి?"

"ఏముందోయ్, ఇదిగో..."

"ఇదిగో అదిగో వద్దు. ఎప్పటినుంచి?"

"మొదట్లో ఎప్పుడో ఒకసారి. వారానికి, పది రోజులకి. దొడ్డికి వెళ్ళినప్పుడు చిన్న చుక్క. తర్వాత..." ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డారు. "ఎనిమిది నెలలు. ఇంకొంచెం ఎక్కువేనేమో."

"ఆ బీరువా తలుపు రోజూ తీస్తారు కదండీ! నాలుగో లైను! కళ్ళకి కనపడలేదా?"

"కంఠతా వచ్చు. ఆగకుండా రండి." బీరువా వైపు చూడకుండానే అన్నారు. "పరీక్షలో సున్నాయే వస్తోంది కదా. మళ్ళీ అదే జబ్బయితే అంకె పెరగాలి కదా అనుకున్నాను. రేడియేషను వేడికి లోపల పొక్కి ఉంటుంది, అదే మానుతుందిలే అని."

"అయితే నాతో అనొచ్చు కదా. దానికోసం రంగు కలుపుతారా? మీ పనితనం చూపించడానికి నేనే దొరికానా?"

"రక్తం మీద ఉత్త ఎరుపు చల్లితే నువ్వు పట్టేస్తావు." అదేదో కొనుగోలుదారు గురించి చెబుతున్నట్టు మామూలుగా చెప్పారు. "తడిగా ఉన్నప్పుడు ఒక రంగు, ఆరాక ఒక రంగు. రెండూ కలవాలి. ఆరినదే చాలా ఇబ్బంది పెట్టింది."

నాకు నవ్వు వచ్చింది. నవ్వే అనుకున్నాను. నోరు తెరిస్తే ఇంకేదో శబ్దం వచ్చింది. ఆయన నా దగ్గరికి రాలేదు. గోడ దగ్గరే నిలబడి అన్నారు.

"చెబుదామనే వెళ్ళాను. గతసారి పరీక్షకి వెళ్ళినప్పుడు. ఆసుపత్రిలో డాక్టరమ్మకి."

"మరి?"

"నువ్వు చెప్పేశావు."

గతసారి. నాకు గదంతా గుర్తుంది. డాక్టరుగారు రిపోర్టు చూసి, చాలా బావుంది అన్నారు. ఆయన పరుపున్న కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చున్నారు. డాక్టరుగారు రాసుకుంటూ ఒక్కొక్కటే అడిగారు. మూత్రం మామూలుగా ఉందా? ఉందండీ అన్నాను. నొప్పులు? లేవండీ. రక్తం ఏమైనా పడుతోందా? లేదండీ, అస్సలు లేదు, బంగారంలా ఉన్నారు అన్నాను. అన్నీ నేనే. రెండేళ్ళుగా ఆయన ఒంటి గురించి ఎవరు ఏం అడిగినా నేనే చెప్పడం అలవాటు. పుస్తకం తెరవకుండానే చెప్పగలిగినందుకు డాక్టరుగారు మెచ్చుకున్నారు కూడా. "మీలాంటి వాళ్ళు పక్కనుంటే మా పని సగం తేలిక" అన్నారు.

"ఎంత సంతోషంగా అన్నావో," అన్నారాయన. "ఆ తర్వాత ఇంకేం చెప్పను?"

మర్నాడు పొద్దున్నే మా ఆడపడుచు వచ్చింది. రెండు వీధుల అవతలే ఉంటుంది. ఏదో ఆఫీసులో టైపు చేసే పని, నోరు మాత్రం మైకు. ఆసుపత్రికి తోడు రమ్మని నేనే ఫోన్ చేశాను. రాగానే చెప్పులు విడవకుండానే మొదలుపెట్టింది.

"మొలలే వదినా! మా ఆఫీసులో సగం మందికి ఉన్నాయి. మా మేనేజరైతే గాలి పెట్టిన రబ్బరు చక్రం తెచ్చుకుని దానిమీద కూర్చుంటాడు, మీటింగుల్లో కూడా. అన్నయ్యకీ ఒకటి కొంటే సరి. ఏరా అన్నయ్యా, ఏ రంగు కావాలి? ఎరుపొద్దులే."

ఆయన నిజంగానే నవ్వారు. ఆ నవ్వు చూసి నేనూ నమ్మాను, దాదాపు గంటసేపు. మొలలు. ఎంత చక్కటి మాట. దేవుడా, మొలలు ఇవ్వు చాలు అనుకున్నాను. ఇంకో మనిషికి ఫలానా జబ్బే ఉండాలని అంత ఆశపడటం ఎప్పుడైనా ఉంటుందా?

ఆసుపత్రి మారలేదు. అవే ఆకుపచ్చ కుర్చీలు, నీళ్ళ ఫిల్టరు మీద అదే గొలుసు కట్టిన గ్లాసు. మమ్మల్ని ముందు గుర్తుపట్టింది నర్సు. "రిజిస్టరమ్మ వచ్చిందే! మీరు రావాల్సింది వచ్చే నెల కదా?" అంది. అప్పుడు నా మొహం చూసింది. మా ఫైలు తీసి అన్నిటికంటే పైన పెట్టింది.

డాక్టరుగారు అడిగారు. "ఎప్పటినుంచి పడుతోంది?"

ఎప్పటిలాగే ఆయన నావైపు తిరిగారు. డాక్టరుగారూ నావైపే తిరిగారు. ఆయన ఒంటి గురించి నాకు తెలియని మొదటి ప్రశ్న అది. నేను కళ్ళు దించుకుని నా చేతిసంచీ పట్టీ చూస్తూ కూర్చున్నాను.

"ఎనిమిది నెలలకి పైనే అమ్మా," అన్నారాయన.

డాక్టరుగారు ఫైలు వెనక్కి తిప్పారు. గతసారి కాగితం దగ్గర ఆగారు. తలకిందులుగా కనపడినా చదవగలిగాను. రక్తం పడటం లేదు, భార్య చెప్పారు, అని రాసి ఉంది. ఆవిడ దాని గురించి ఒక్క మాట అనలేదు. పేజీ తిప్పేశారు. తిట్టి ఉంటే బావుండేది.

"రేడియేషను తీసుకున్నవాళ్ళకి ఏడాదికో రెండేళ్ళకో ఇలా పడటం మామూలే," అన్నారు. "పేగు గోడ పలచబడి కారుతుంది. దానికి వైద్యం ఉంది. ఎక్కువమందికి అదే. కానీ చూడకుండా అదే అని నేను అనను. గొట్టం వేసి చూడాలి."

"ఆ రక్తపరీక్షలో సున్నాయే కదండీ?" అన్నాను.

"ఆ పరీక్ష ఆ ఒక్క జబ్బు సంగతే చెబుతుందమ్మా. మిగతావి దానికి తెలియవు."

అంత చిన్న మాట. రెండేళ్ళు ఆ సున్నాని దేవుడి పటంలా చూసుకున్నాం.

మూడో రోజు పరీక్ష. ముందురోజంతా కడుపు ఖాళీ అవడానికి మందు తాగించాలి. మళ్ళీ సీసా, మళ్ళీ గడియారం. గ్లాసు గ్లాసుకీ పావుగంట. బీరువాలోంచి పాత చేతిపుస్తకం తీసి టైము రాయబోయాను. ఆయన స్నానాలగది తలుపు సందులోంచి అన్నారు.

"రాస్తున్నావా?"

"ఊఁ."

"ఎరుపు కూడా రాస్తావా?"

నేను కలం పెట్టేశాను.

పరీక్ష పూర్తయ్యాక డాక్టరుగారు నన్ను ఒక్కదాన్నే పిలవలేదు. ఇద్దర్నీ పిలిచారు. మా ఆడపడుచు బయట ఉండిపోయింది. రేడియేషను పడ్డ చోట గోడంతా పలచబడి, సన్నటి రక్తనాళాలు తేలి ఉన్నాయట. సగం రక్తం దాన్నుంచే. "ఇది నేను అనుకున్నదే," అన్నారు. ఆ తర్వాత ఆవిడ కాస్త ముందుకి వంగారు. పేగులోనే, దానికి కాస్త ఎగువన, ఇంకొకటి ఉందట. పాత జబ్బు కాదు, దానికి సంబంధం లేని వేరే గడ్డ. అందులోంచి ముక్క తీసి పంపారట. స్కాను కూడా తీయాలన్నారు.

వారం రోజులు. ఆ వారం మేం ఏం మాట్లాడుకున్నామో ఒక్క మాటా గుర్తులేదు. మా ఆడపడుచు మాత్రం రబ్బరు చక్రం కొనుక్కొచ్చింది. నీలంది. దాన్ని ఊదుతూ ఊదుతూ మధ్యలో ఏడ్చేసింది. సగం ఊదిన చక్రం హాల్లో బల్లమీదే ఉండిపోయింది.

ఫలితం వచ్చిన రోజు డాక్టరుగారు, ఆ గడ్డా క్యాన్సరేనని చెప్పి, స్కాను తెర మావైపు తిప్పారు. కాలేయంలో నాలుగు మచ్చలు. ఆయన కళ్ళు చిట్లించి దగ్గరగా వంగి చూశారు, ఎవరో తెచ్చిన గుడ్డముక్కని చూసినట్టే.

"ఇవి బూడిదరంగులో ఉన్నాయే," అన్నారు.

"తెర మీద అలాగే కనపడతాయి మాస్టారూ."

"కోసి తీసేయలేరా?"

"ఇంత పాకాక కోతవల్ల లాభం లేదు. రేడియేషను ఆ చోట మళ్ళీ ఇవ్వలేం. మందులు ఎక్కిద్దాం. కొన్నాళ్ళు అదుపులో ఉంచగలం. లేకుండా చేయగలనని మాత్రం చెప్పను."

నేను అడగకూడదనే అనుకున్నాను. దారిపొడుగునా ఒట్టుపెట్టుకున్నాను. అయినా అడిగాను. "గతసారి మేం వచ్చాం కదండీ. ఐదు నెలల కిందట. ఆ రోజే చెప్పి ఉంటే?"

డాక్టరుగారు ఆయన్ని చూశారు, నన్ను చూశారు. మంచి మనిషి ఆవిడ. అబద్ధమాడటానికి ప్రయత్నించారు. "అది ఎవరం చెప్పగలం," అన్నారు. కానీ అనడానికి ముందు ఆగారు. ఆ ఆగడం ఎంతసేపో నేను ఇప్పటికీ చెప్పగలను. నాకు కొలవడం అలవాటు.

బయట ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. వీధిలో చెయ్యి పట్టుకోవడం మా ఇద్దరికీ అలవాటు లేదు. "నువ్వేం చేశావోయ్. దాచింది నేను కదా," అన్నారు. "మరక కలిపింది నేను." నేను తలూపాను. ఆయన అలా అనుకుంటే కాస్త తేలిగ్గా ఉంటుందేమోనని. నేను నమ్మలేదని ఆయనకీ తెలుసు. ఒకరి మాట ఒకరం నమ్మినట్టు నటించడంలో మేం అప్పటికే బాగా ఆరితేరాం.

మందులు మొదలై నెలన్నర అయింది. వారంలో రెండు రోజులు కార్ఖానాకి వెళుతున్నారు, తూకమక్కకి రంగులు అప్పజెప్పడానికి. ఆమెకిప్పుడు సంగతి తెలుసు. గుర్రం మాట మళ్ళీ ఎత్తలేదు. పేరు రాయని చీటీ నా దగ్గరే ఉంది, చేతిపుస్తకం మధ్యలో. చించేద్దామని రెండుసార్లు తీశాను. అంత బాగా కుదిరిన రంగు చించడానికి చేతులు రాలేదు.

నిన్న శుక్రవారం. గ్యాసుంది. అయినా నీళ్ళు కాచలేదు. పెరట్లో బకెట్టులో చన్నీళ్ళు పట్టి ప్యాంటు కోసం లోపలికి వెళ్ళబోతే, ఆయనే పట్టుకొచ్చారు. మరక లోపలికి మడిచి దాచలేదు. పైకే ఉంది.

"ఇందులో రంగు కలపలేదు," అన్నారు.

"తెలుసు."

బకెట్టులో వేశాను. అది నీళ్ళలోకి రావడం ఇద్దరం నిలబడి చూశాం. చేతిపుస్తకం కిటికీ గూట్లో ఉంది. ఈమధ్య మళ్ళీ రాస్తున్నాను, డాక్టరుగారు అడుగుతారని. ఎంత పడింది, మొన్నటికంటే ఎక్కువా తక్కువా? నేను నీళ్ళవైపు వంగి చూశాను. లేతగానే ఉందనిపించింది. మొన్నటికంటే లేత. కచ్చితంగా లేతే. కలం తీసి ఆ మాట రాయబోయాను.

అప్పుడు చెయ్యి ఆగింది. పుస్తకం, కలం ఆయనకి ఇచ్చాను.

"మీరు చెప్పండి," అన్నాను. "రంగు చూడటం మీ పని కదా."

ఆయన నన్ను ఒకసారి చూశారు. తర్వాత గోడ పట్టుకుని మెల్లగా వంగారు. ముప్పై ఒక్క ఏళ్ళు ఎలా చూశారో అలాగే చూశారు. తల ఒక పక్కకి వంచి, వెలుతురు అడ్డురాకుండా ఒక అడుగు జరిగి, కళ్ళు సగం మూసి.

"చిక్కగా ఉంది," అన్నారు. "మొన్నటికంటే బాగా చిక్కన."

పుస్తకం గోడకి ఆనించి, ఆ ముత్యాల్లాంటి అక్షరాలతో తారీఖు వేసి, ఆ మాటే రాసుకున్నారు. నేను బకెట్టు వంచి నీళ్ళు పారబోసి, కుళాయి తిప్పి ఇంకో బకెట్టు పట్టాను. అదీ ఎర్రబడింది.